యాపిల్ క్రంబుల్ పైన గుల్లగా, కింద మెత్తగా రావాలంటే

"అక్కా, యాపిల్ క్రంబుల్ రెండుసార్లు చేశాను. మొదటిసారి పైపిండి తడిసి కేసరిబాత్ మాదిరి ముద్దయింది, గిన్నె అడుగున నీళ్లు నిలిచాయి. రెండోసారి పైన మాడింది, లోపల ముక్కలేమో గట్టిగానే ఉన్నాయి. ఇంగ్లండులో రెండేళ్లు చదువుకున్న మా తమ్ముడు ఆదివారం ఇంటికొస్తున్నాడు, వాడికి చేసిపెట్టాలని ఆశ. ఇంట్లో 25 లీటర్ల ఓటీజీ, అంటే చిన్న కరెంటు ఓవెన్ ఉంది. మా అత్తమ్మ గుడ్డు ముట్టదు. మైదా బదులు జొన్నపిండి వాడొచ్చా?" అని అనంతపురం నుంచే ఒక చెల్లెలు అడిగింది.

అక్కా అన్నావు కాబట్టి నువ్వనే రాస్తాను. నేను బెంగళూరులో ఒక బేకరీ వంటగదిలో ఆరేళ్లు పనిచేశాను. పన్నెండేళ్లుగా మన అనంతపురంలోనే, ఇంట్లోనే కేకులూ బిస్కెట్లూ చేసి ఆర్డర్లకు ఇస్తున్నాను. నువ్వు చెప్పిన రెండు తప్పులూ నేనూ చేసినవే.

గుడ్డు సంగతి ముందే తేల్చేస్తా. పండు ముక్కల మీద, వెన్నతో నలిపిన పొడిపిండి చల్లి ఓవెన్‌లో కాల్చే తీపి వంటే క్రంబుల్. క్రంబుల్‌లో గుడ్డు ఉండనే ఉండదు. పండు, పిండి, వెన్న, చక్కెర, అంతే. మీ అత్తమ్మకు నిశ్చింతగా పెట్టొచ్చు. ఇంగ్లండులో రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇది బాగా పాకింది. 1940 జనవరిలో అక్కడ వెన్నకూ చక్కెరకూ రేషన్ పెట్టారు. 'పై' (pie) అనే ఇంగ్లీషు వంటకానికి అడుగునా పైనా పిండి రొట్టె పరవాలి, దానికి వెన్న ఎక్కువ పడుతుంది. ఉన్న కాస్త వెన్నను పిండిలో నలిపి పండు మీద చల్లేస్తే పనైపోతుంది. ఇది కరువులో పెరిగిన వంట. ఖరీదైన సరుకేదో లేక నీకు కుదరలేదని అనుకోవద్దు.

మరెందుకు కుదరలేదు? నువ్వు చూసి చేసిన పద్ధతి అక్కడి యాపిల్‌ను మనసులో పెట్టుకుని రాసింది. అక్కడ వంటకు బ్రామ్లీ అనే రకం ప్రత్యేకంగా ఉంది. నాటింగ్‌హామ్‌షైర్‌లోని సౌత్‌వెల్ అనే ఊళ్లో 1809లో ఒక అమ్మాయి నాటిన గింజ నుంచి వచ్చిన చెట్టు అది. కొరికితే పళ్లు జివ్వుమనేంత పులుపు. వేడి తగిలిందంటే విచ్చుకుని దూదిలా అయిపోతుంది. అందుకే వాళ్లు పచ్చిముక్కలు గిన్నెలో వేసి, పైన పిండి చల్లి, నేరుగా ఓవెన్‌లో పెట్టేస్తారు. పిండి వేగేలోపు పండు కూడా ఉడికిపోతుంది.

మన టవర్ క్లాక్ దగ్గర బండ్ల మీద దొరికేది ఎక్కువగా డెలీషియస్ రకం. అమెరికా నుంచి వచ్చి హిమాచల్‌లోని కోట్‌గఢ్‌లో అక్కడ స్థిరపడ్డ అమెరికన్ శామ్యూల్ స్టోక్స్ చేతుల మీదుగా వేళ్లూనుకున్న పండు. కొరికి తినడానికి అది బాగుంటుంది. తీపి ఎక్కువ, పులుపు తక్కువ, రసం మెండు. దాన్ని పచ్చిగా ఓవెన్‌లో పెడితే పైపిండి ఎర్రబడే సమయానికి ముక్క సగమే ఉడుకుతుంది. నీ రెండోసారి కథ ఇదే. ఉడికేదాకా ఉంచుదామని తక్కువ వేడిలో పెట్టావనుకో, వెన్న పిండిని పట్టుకోకముందే కరిగి కారిపోతుంది, పండు వదిలిన నీటి ఆవిరి కింది నుంచి పిండిని తడుపుతుంది. నీ మొదటిసారి కథ అది. యాపిల్‌లో నూటికి 85 పాళ్లు నీరే. ఆ నీటిని ఎక్కడ పోగొడతావన్నదే ఈ వంటలో అసలు ప్రశ్న.

నా పద్ధతి ఇది: పండును ముందే పొయ్యి మీద ఉడికించి దాని నీళ్లు ఇంకించేస్తాను. ఓవెన్‌కు పిండిని వేయించే పని ఒక్కటే మిగులుతుంది. మన యాపిల్‌కూ మన చిన్న ఓటీజీకీ ఇంతకంటే నమ్మకమైన దారి నాకు దొరకలేదు.

యాపిల్ ఎంచుకోవడం దగ్గర మొదలుపెడదాం. హిమాచల్ కాయ ఆగస్టుకల్లా దిగుతుంది, కాశ్మీరు కాయ సెప్టెంబరు, అక్టోబరుల్లో. అప్పుడు కాయ బిగువుగా ఉంటుంది. ఆ తర్వాత వచ్చేదంతా కోల్డ్ స్టోరేజీ సరుకు. వేసవికల్లా చాలా కాయలు పిండిపిండిగా అయిపోయి ఉంటాయి. చేతిలోకి తీసుకుని గోటితో ఒక్క దెబ్బ కొట్టి విను. టక్కుమంటే తీసుకో. దబ్‌మని మొద్దుగా మోగితే, తొడిమ దగ్గర బొటనవేలు నొక్కితే లోపలికి పోతుంటే, ఆ కాయ వద్దు. రంగు చూసి మోసపోవద్దు. పెద్ద పండ్ల దుకాణాల్లో గ్రానీ స్మిత్ అనే పచ్చ యాపిల్ దొరుకుతుంది. ధర ఎక్కువే. అయినా నాలుగు కాశ్మీరు కాయలకు రెండు పచ్చవి కలిపితే రుచి ఎక్కడికో వెళ్తుంది. అవి దొరక్కపోతే ఒక నిమ్మకాయ చాలు. పులుపు మాత్రం మానొద్దు. పులుపు లేని క్రంబుల్ చక్కెర పాకంలో వేసిన బిస్కెట్టులా ఉంటుంది.

ఆరుగురికి లెక్క చెప్తా. కిలో యాపిల్, అంటే ఆరేడు కాయలు. తొక్క తీసెయ్. బయటి దేశం కాయల మీద మైనం పూత కూడా ఉంటుంది. గింజల భాగం కోసేసి రెండు సెంటీమీటర్ల ముక్కలు చెయ్. మరీ పలుచగా కోస్తే గుజ్జయిపోతాయి. కోసిన ముక్కల మీద వెంటనే నిమ్మరసం పిండితే నల్లబడవు.

అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నెలో ఒక చెంచా వెన్న వెయ్యి. నిమ్మరసం తగిలేది కాబట్టి ఉత్త అల్యూమినియం పాత్ర వద్దు, పండు రంగు మారుతుంది, లోహపు రుచి వస్తుంది. ముక్కలు, మూడు పెద్ద చెంచాల చక్కెర, చిటికెడు ఉప్పు వేసి, మూతపెట్టి మధ్యస్థం మంట మీద మూడు నిమిషాలు ఉంచు. నీళ్లు చుక్క కూడా పోయొద్దు. మూత తీసి చూడు, ముక్కలు తమ నీళ్లలోనే తేలుతుంటాయి. నువ్వు ఓవెన్‌లో పెట్టినప్పుడు పైపిండిని తడిపింది సరిగ్గా ఈ నీళ్లే. ఇప్పుడు మంట పెంచి, మూత లేకుండా, గరిటెతో మెల్లగా అటూఇటూ తిప్పుతూ ఐదారు నిమిషాలు ఉంచు. రసం తగ్గేకొద్దీ బుడగలు పెద్దవై నెమ్మదిస్తాయి, ముక్కలకు నున్నగా మెరుపు పడుతుంది. గరిటెతో అడుగున గీస్తే ఆ గీత రెండు క్షణాలు నిలవాలి. చాకు గుచ్చితే దిగాలి, కానీ మధ్యలో రవ్వంత బిగువు తగలాలి. అక్కడ దించెయ్. అర చెంచా దాల్చినచెక్క పొడి ఇప్పుడు కలుపు. రసం ఇంకా పలుచగానే ఉందనిపిస్తే, చెంచా కార్న్‌ఫ్లోర్ రెండు చెంచాల చన్నీళ్లలో కలిపి పోసి ఒక ఉడుకు రానివ్వు. ఉడుకు రాకపోతే అది చిక్కబడదు.

తర్వాత ఈ పండును పూర్తిగా చల్లారనివ్వాలి. చాలామంది తొందరపడేది ఇక్కడే. వేడి పండు మీద పిండి చల్లితే అందులోని వెన్న ఓవెన్ ఎక్కకముందే కరిగిపోతుంది. మళ్లీ ముద్దే.

ఇక పైపిండి. మైదా 200 గ్రాములు, వెన్న 100, చక్కెర 100. రెండుకు ఒకటి, ఒకటి అని గుర్తుపెట్టుకో. గ్లాసులతో కాకుండా తూకం వేసే చెయ్. అమూల్ వెన్నలో ఉప్పు ఉంటుంది కాబట్టి మళ్లీ వేయక్కర్లేదు. ఉప్పులేని వెన్నయితే చిటికెడు వెయ్యి. నెయ్యితో చేయాలంటే 100 బదులు 80 గ్రాములు చాలు, వెన్నలో కాస్త నీరుంటుంది, నేతిలో ఉండదు. అయితే నెయ్యి పేరుకుని గట్టిగా ఉండాలి, కరిగిన నెయ్యి పనికిరాదు.

నువ్వు ఇంట్లో మురుకుల పిండి కలిపే ఉంటావు. వేడి నూనె పోసి పిండికి పట్టించి, పిడికిట్లో పట్టి చూస్తాం కదా. పట్టితే ముద్దగా నిలవాలి, వేలితో పొడిస్తే విరిగిపోవాలి. మురుకు గుల్లగా వచ్చేది అందుకే. క్రంబుల్‌కు కూడా అదే పిడికిలి పరీక్ష. కారణం కూడా ఒక్కటే. కొవ్వు పిండి రేణువుల చుట్టూ పొరలా పడితే, తడి తగిలినా అవి ఒకదానికొకటి సాగే బంధం వేసుకోలేవు. ఒక్కటే తేడా, మురుకులకు వేడి కొవ్వు, దీనికి చల్లటి కొవ్వు. చల్లటి వెన్న చిన్నచిన్న తునకలుగా పిండిలో మిగిలిపోవాలి. ఓవెన్ వేడికి ఆ తునకలు కరిగినచోట ఖాళీలు పడతాయి, అప్పుడే కొరికితే కరకరమంటుంది.

మన ఊరి ఎండల్లో కష్టం ఇక్కడే. వెన్న 32, 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మన వంటగదే 38 ఉంటుంది. అరచేయి వేడి సరేసరి. అందుకని నేను పొద్దున్నే ఆరింటికి చేస్తాను. పిండిని, కలిపే గిన్నెను కూడా అరగంట ఫ్రిజ్‌లో పెడతాను. వెన్నను చిన్న ముక్కలుగా కోసి పిండిలో వేసి, అరచేతులు తగలనీయకుండా వేళ్ల కొసలతోనే నలుపుతాను. వేళ్లకు జిడ్డు అంటుతోందంటే వెన్న కరుగుతున్నట్టే, ఆపేసి గిన్నెను పది నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టి మళ్లీ మొదలుపెట్టు. బొంబాయి రవ్వలా అయ్యాక చక్కెర కలుపు. ఆపైన ఒక్క చెంచా చల్లటి పాలు అక్కడక్కడ చిలకరించి గిన్నెను కుదుపు. కొన్ని బఠాణీ గింజంత, కొన్ని శనగ గింజంత ఉండలు కడతాయి, కొంత రవ్వలాగే మిగులుతుంది. అన్నీ ఒకే సైజులో రావాలని చూడొద్దు. ఉండలు కరకరలాడతాయి, రవ్వ పండు రసం పీల్చుకుని మెత్తగా కరుగుతుంది, నోట్లో రెండూ తగలాలి. ఈ పొడిని అరగంట ఫ్రీజర్‌లో పెట్టి తీయి.

చక్కెర బదులు బెల్లం వేయొచ్చా అని చాలామంది అడుగుతారు. బెల్లంలో తేమ ఉంటుంది, మొత్తం బెల్లమే వేస్తే పైపొర చిమ్మిలిలా అతుక్కుంటుంది. సగం చక్కెర, సగం బాగా ఆరిన బెల్లం పొడి అయితే రుచీ రంగూ రెండూ బాగుంటాయి. పండులో మాత్రం పూర్తిగా బెల్లమే వేసుకో, నేనైతే అదే చేస్తా.

ఇప్పుడు జొన్నపిండి. వాడొచ్చు, వాడాలని కూడా అంటాను. చపాతీకి సాగే గుణం కావాలి కాబట్టి జొన్న చపాతీలా సాగదు, మనం వేడినీళ్లు పోసి తట్టి రొట్టె చేస్తాం. క్రంబుల్‌లో మనకు ఆ సాగుడే వద్దు. జొన్నలో అది సహజంగానే లేదు. అయితే మొత్తం జొన్నే అయితే ఇసుకలా రాలిపోతుంది, పచ్చివాసన కూడా ఉంటుంది. నేను చాలాసార్లు మార్చి మార్చి చేసి నిలబెట్టుకున్న లెక్క ఇది. జొన్నపిండి 100 గ్రాములు, గోధుమపిండి 50, వేయించి పొట్టు తీసి కచ్చాపచ్చాగా దంచిన చెనిక్కాయ విత్తనాలు 50, వెన్న 85, చక్కెర 90. జొన్నపిండిని బాండ్లిలో సన్నమంట మీద కమ్మటి వాసన వచ్చేదాకా, నాలుగు నిమిషాలు వేయించి పూర్తిగా చల్లార్చు. వెన్న ఎందుకు తగ్గించానంటే చెనిక్కాయల్లో దాదాపు సగం నూనే. వాటిని మిక్సీలో వేస్తే ఆపి ఆపి రెండు తిప్పులు మాత్రమే తిప్పు. వదిలేస్తే నూనె బయటికొచ్చి ముద్దవుతుంది. రోట్లో దంచితే ఇంకా మేలు, పలుకులు పంటికి తగులుతాయి. ఇంగ్లండులో బాదం, ఓట్స్ వేస్తారు. చెనిక్కాయలు పండే జిల్లాలో కూర్చుని మనం బాదం కోసం వెతకడం నాకు నచ్చదు. నీ తమ్ముడు అక్కడ తిన్నదానికంటే ఇది మరో మెట్టు పైన ఉంటుందని నా గట్టి నమ్మకం. ఒక్క జాగ్రత్త, చెనిక్కాయలు పడనివాళ్లు ఉంటారు, చిన్నపిల్లలకు పెట్టేముందు వాళ్ల అమ్మను అడుగు.

ఓవెన్ విషయానికొస్తే, ఓటీజీని 180 దగ్గర పెట్టి పదిహేను నిమిషాలు ముందే వేడి చెయ్. రెండు రాడ్లూ వెలగాలి. చిన్న ఓటీజీల్లో పై రాడ్ పాత్రకు బాగా దగ్గర, నీ పైపొర మాడడానికి అదీ ఒక కారణం. కాబట్టి కింది అరలో పెట్టు. ఇంకో మాట, తిరుగుడు బిళ్ల మీద 180 అని ఉన్నంత మాత్రాన లోపల 180 ఉండదు. నా పాత ఓటీజీలో థర్మామీటరు పెట్టి చూస్తే 200 దాటింది, అంతకాలం ఎందుకు మాడుతున్నాయో అప్పుడు తెలిసింది. ఓవెన్ థర్మామీటరు ఒకటి కొనుక్కుంటే చాలా వంటలు బాగుపడతాయి.

చల్లారిన పండును గాజు పాత్రలోనో పింగాణీ పాత్రలోనో రెండు మూడు అంగుళాల లోతున పరిచి, పైన పిండి చల్లు. నొక్కొద్దు. చేత్తో చదును చేయాలని మనసు లాగుతుంది, చెయ్యొద్దు. నొక్కితే అట్టలా అయిపోతుంది, ఆవిరి పైకి రావడానికి దారి ఉండదు. అంచుల దగ్గర వేలెడు సందు వదులు. ఫ్రిజ్‌లోంచి తీసిన గాజు పాత్రను నేరుగా వేడి ఓవెన్‌లో పెట్టొద్దు, పగులుతుంది. 30 నుంచి 35 నిమిషాలు పడుతుంది. గడియారం కంటే కళ్లను నమ్ము. పైన కర్జికాయ రంగు రావాలి, అంచుల్లో రసం చిక్కగా, నెమ్మదిగా, బుడుంగు బుడుంగుమని ఉడకాలి. రంగు ముందే వచ్చేస్తే పైన ఫాయిల్ కాగితం వదులుగా కప్పు.

తీశాక ఎప్పుడూ మూత పెట్టొద్దు. కొన్నేళ్ల కిందట ఒక గృహప్రవేశానికి 40 మందికి చేసిచ్చాను. ఓవెన్ నుంచి తీసినప్పుడు పైపొర చూడముచ్చటగా ఉంది. ఆటోలో దుమ్ము పడుతుందని వేడివేడి ట్రే మీద స్టీలు మూత బిగించాను. అరగంట తర్వాత అక్కడ మూత ఎత్తితే లోపలివైపంతా నీటిబొట్లు, అవి ఒక్కొక్కటే కింద పిండి మీద పడుతున్నాయి. పైపొర తడిసిన రస్కులా వంగిపోయింది. అంత కష్టపడి నీళ్లు ఇంకించి, చివర్లో నా చేతులతో నేనే నీళ్లు పోసినట్టయింది. ఆ రోజు ఆ ఇంటివాళ్లు ఏమీ అనలేదు గానీ నాకు ఇప్పటికీ బాధే. అప్పటి నుంచి దూరం పంపాల్సి వస్తే పండు ఒక డబ్బాలో, వేయించిన పిండి వేరే డబ్బాలో పంపుతున్నాను.

ఓవెన్ లేనివాళ్లకు ఈ సంగతే దారి చూపిస్తుంది. పండు ఎలాగూ పొయ్యి మీదే ఉడికింది. పిండిని కూడా మందపాటి ఇనుప బాండ్లిలో, బాగా సన్నమంట మీద, పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు అట్లకాడతో తిరగేస్తూ వేయించు. ఉండలు చితకకుండా కింది నుంచి పైకి తిప్పాలి. బంగారు రంగు వచ్చాక వెడల్పు పళ్లెంలో ఆరబోస్తే చల్లారేకొద్దీ గుల్లబారుతుంది. తినేముందు గిన్నెలో పండు, పైన పిండి. చాలామంది కుక్కర్‌లో ఇసుక పోసి పెడతారు, దాంతో కేకు వస్తుంది గానీ క్రంబుల్ పైపొరకు రంగు రాదు. ఉత్త మైక్రోవేవ్‌లో కూడా అంతే, కన్వెక్షన్ (లోపల వేడిగాలి తిప్పే ఏర్పాటు) ఉంటేనే పెట్టాలి.

ఇంగ్లండులో దీని మీద వేడి కస్టర్డ్ పోసుకుంటారు. మీ అత్తమ్మ కోసం ఇదీ చెప్పాలి. బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన భార్యకు గుడ్డు పడేది కాదు, ఆమె కోసం ఆయన 1837లో గుడ్డులేని కస్టర్డ్ పొడి తయారుచేశాడు. మనం ఫ్రూట్ సలాడ్‌కు వాడేది ఆ కోవదే. అర లీటరు పాలకు రెండు పెద్ద చెంచాల పొడి, మూడు చెంచాల చక్కెర, ఎప్పటిలాగే చల్లటి పాలలో కలిపి మరిగే పాలలో పోయడమే.

యాపిల్ ధర మండే నెలల్లో జామకాయతో చెయ్. దోరకాయలు తీసుకుని గింజల గుజ్జు తీసేస్తే మిగతాదంతా యాపిల్ పద్ధతే. మేలో బంగినపల్లి దోరకాయలు కూడా అద్భుతంగా ఉంటాయి, కాకపోతే చక్కెర సగానికి తగ్గించి, పొయ్యి మీద మూడు నిమిషాలకు మించి ఉంచొద్దు. మాగిన పండు వద్దు, గుజ్జవుతుంది.

ఆదివారానికి నీ పని ఇలా పెట్టుకో. పైపిండి శనివారం రాత్రే నలిపి, గాలి చొరని డబ్బాలో ఫ్రీజర్‌లో పెట్టెయ్. పండు ఆదివారం పొద్దున్నే టిఫిన్ పని అయ్యాక ఉడికించి, గాజు పాత్రలో పరిచి, జల్లెడ మూసి వంటగదిలోనే చల్లారనివ్వు, ఫ్రిజ్‌లో పెట్టకు. భోజనానికి విస్తళ్లు వేసేటప్పుడు ఓవెన్ వెలిగించు. అన్నం వడ్డించడం మొదలుపెట్టినప్పుడు పిండి చల్లి లోపల పెట్టు. అందరూ పెరుగన్నం దాకా వచ్చేసరికి తీస్తావు. పదిహేను నిమిషాలు మూత లేకుండా వదిలితే రసం చిక్కబడుతుంది, పైపొర బిగుస్తుంది. మిగిలితే రాత్రికి ఓటీజీలో 160 దగ్గర పది నిమిషాలు వేడిచెయ్యి, మళ్లీ కరకరమంటుంది. పాత్ర ఎంత పెద్దదో, జొన్నపిండితో చేస్తున్నావో మైదాతో చేస్తున్నావో శనివారం సాయంత్రంలోపు రాస్తే, సరిగ్గా నీ పాత్రకు తూకాలు కట్టి పంపిస్తాను.